ఎర్ర టిక్కు

రాజమండ్రిలోని ఆ యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నాగేశ్వరప్రసాద్ గారి రిజిస్టరంటే అందరికీ గురి. ఇరవై తొమ్మిదేళ్లుగా ముత్యాల్లాంటి అంకెలు, ఒక్క కొట్టివేత ఉండదు. ఇప్పుడు ఆ మార్కులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆయన కళ్లజోడు సర్దుకుని చూపుడువేలితో ఒక మార్కు కొడతారు. వెంటనే రిజిస్టర్లో దాని పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టి, సిరా ఆరేదాకా ఊది, అప్పుడు రెండోదానికి వెళతారు.

సోమవారం కడియం నుంచి మంజుష అనే ఫైనలియర్ అమ్మాయి వచ్చింది. "పరీక్ష రాశానండి. ఆన్‌లైన్లో ఆబ్సెంట్ అని పడింది. మొన్న ఇంటర్వ్యూలో అది చూసి పంపించేశారండి."

ఆయన గబగబా రిజిస్టరు తీశారు. "ఇదిగోనమ్మా, డెబ్బై ఒకటి! టిక్కు కూడా ఉంది చూడు. ఇవాళే సరిచేయిస్తాను."

"ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారండి," అని గొంతు పెంచకుండానే చెప్పి వెళ్లిపోయింది.

పక్క సీటు మీనాకుమారి మెల్లగా అంది: "కంప్యూటర్లో పేజీకి ఇరవై నిమిషాలేనండి. ఈలోగా సేవ్ కొట్టకపోతే ఎక్కించిన మార్కులు కూడా పోయి, ఆ పేజీలోవాళ్లంతా ఆబ్సెంటే. రెండు రోజుల ట్రైనింగులో చెప్పారు కదండీ."

చెప్పారు. ఆయనకే అర్థం కాలేదు. కుర్ర ఉద్యోగుల మధ్య చెయ్యెత్తడానికి సిగ్గేసి, రెండు రోజులూ తలూపుతూ కూర్చున్నారు. చివర్లో ఇచ్చిన కాగితం మీద 'ఇంకా ఏమైనా సందేహాలున్నాయా?' అన్న ప్రశ్న కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో 'లేవు' అని రాసి సంతకం పెట్టారు.