సృష్టికి టాప్ కోట్

మా డైనింగ్ టేబుల్ మీద మేము భోంచేయడం మానేసి చాలా రోజులైంది. దాని మీద ఇప్పుడు మా అమ్మాయి దుకాణం ఉంది. పీయూసీ రెండో ఏడు చదువుతోంది. పుస్తకాలు మంచం కింద, నెయిల్ పాలిష్ సీసాలు టేబుల్ మీద. దేనికి ఎక్కువ గౌరవమో ఎవరూ చెప్పక్కర్లేదు. మేము కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. మనిషికి ఒడి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.

నెయిల్ ఆర్ట్ అంటే గోళ్ళకు రంగు వేసుకోవడం అనుకునేదాన్ని. అంత చిన్నచూపు చూడకూడదట. ఇడ్లీ ప్లేటు గుంటల్లో రంగులు కలపాలి. తలపిన్ను గుండు కొనతో చుక్కలు పెట్టాలి. సెల్లోటేపు అంటించి గీతలు తీయాలి. గిన్నెలు తోమే స్పాంజి కత్తిరించి, ఒక రంగు ఇంకో రంగులోకి జారినట్టు అద్దాలి. ఒకరోజు స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, పైన నాలుగు రంగుల చుక్కలు వేసి, పుల్లతో తిప్పి, "వేలు ముంచు మమ్మీ" అంది. ముంచాను. గోరు మీద పాలరాయి డిజైన్ రావాలి. వచ్చింది కూడా, కానీ గోటితో ఆగకుండా కణుపుల దాకా వచ్చింది. ఆ గ్లాసు మళ్ళీ కాఫీకి పనికిరాలేదు.

తన గోళ్ళు తనకు పరీక్ష పేపర్లు. నా గోళ్ళు రఫ్ పుస్తకం. ఏ కొత్త డిజైనైనా ముందు నా మీదే. నాకు చిరాకుగా ఉండేదని చెప్పాలి గానీ ఉండేది కాదు. పదిహేడేళ్ళ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని అంతసేపు పక్కన కూర్చోవడం ఈ రోజుల్లో మామూలు విషయమా?

తర్వాత సబ్బుపెట్టె అంత దీపం ఒకటి కొనుక్కుంది. వేళ్ళు లోపల పెడితే ఊదారంగు వెలుగు వస్తుంది, పూత గట్టిపడే టైము అయ్యాక దానంతటదే ఆరిపోతుంది. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన చెప్పులు విప్పకుండానే నిలబడిపోయాడు.

"ఏందప్పా ఇది, వేళ్ళకు ఓవెనా?"

"కాదు డాడీ, క్యూరింగ్."

"జబ్బెప్పుడు వచ్చింది, క్యూర్ చేసేదానికి?"

"జబ్బు కాదు డాడీ, జెల్!"

ఆ 'జెల్' అనే మాట దగ్గరే నేను బోల్తాపడ్డాను. అది చెప్పేముందు నా బడి సంగతి చెప్పాలి.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. నర్సుగా పనిచేసే మా అమ్మే డ్యూటీ దిగి వచ్చాక ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, బైబిలు వాక్యం అన్నీ చెప్పింది. గంట కొట్టడం, వరుసలో నిలబడడం, బెంచీ మీద పేరు చెక్కడం ఇవేవీ నాకు తెలియవు. నాకు తెలిసిన తరగతి గది ఒక్కటే, మా క్రైస్తవ సంఘంలో ఆదివారం బడి. అందులో కూడా నేను విద్యార్థిని కాదు, టీచర్ని. మా మందిరం ఒక టైర్ల కొట్టు పైన రెండో అంతస్తులో ఉంది. దాని వెనక, జనరేటర్ పక్కన రేకుల గది మాది. హాజరు పిలిస్తే పిల్లలు "ప్రెజెంట్ ఆంటీ" అంటారు. అన్నప్పుడల్లా నా చేతిలో ఎవరో పట్టా పెట్టినట్టుంటుంది. ఆ గది పోతే నాకు ఇంకో బడి లేదు.

ఈమధ్య మా సంఘ పెద్దలు ఒక తీర్మానం చేశారు. టీచర్లు గోళ్ళ రంగు వేసుకుని ఆరాధనకు రాకూడదని. తీర్మానం చదివిన పెద్దాయన జుట్టూ మీసమూ కాకికి కూడా అసూయ పుట్టేంత నలుపు. ఆ నలుపు నెలనెలా తాజాగా వస్తుంది. రంగు తల మీద ఉంటే వయసు, గోటి మీద ఉంటే లోకం, అంటే దేవునికి గిట్టని షోకు. నేను వాదించలేదు. నాకు రంగు కంటే గది ముఖ్యం.

ఆ వారం పిల్లలకు సృష్టి పాఠం. మొదటి రోజు ఏం జరిగింది, రెండో రోజు ఏం జరిగింది అని ఎన్నిసార్లు చెప్పినా చేపల్ని ఆకాశంలోకీ నక్షత్రాల్ని నీళ్ళలోకీ తోసేస్తారు. శనివారం మధ్యాహ్నం ఆ బాధ చెప్పుకుంటుంటే మా అమ్మాయి కళ్ళు వెలిగాయి. "మమ్మీ, ఒక్కో గోటికి ఒక్కో రోజు!"

ఇంత చక్కటి ఆలోచన నాకెందుకు రాలేదా అనిపించింది. తీర్మానం ఆరాధన గురించి కదా. బడి పొద్దున, ఆరాధన తర్వాత. పిల్లలకు చూపించేసి, మధ్యలో రిమూవర్‌తో తుడిచేసుకుంటే సరి. "ఇది జెల్, మమ్మీ" అని అది ముందే చెప్పింది. నేను ఎంతో సంతోషించాను. ఇంట్లో నాకు తెలిసిన జెల్ మా ఆయన తలకు రాసుకునేదే. కంపెనీ బస్సు ఎక్కేలోపే అది వదిలేస్తుంది.

మొదటి వేలికి సగం నలుపు, సగం తెలుపు. రెండో వేలికి నీలం. మూడో దానికి చిన్న ఆకు. నాలుగో వేలికి సూర్యుడు, చంద్రుడు, సర్దుకుని కూర్చున్న రెండు నక్షత్రాలు. ఐదో వేలికి చేప. ఆరో వేలికి మనిషిని వేయబోతే బంగాళాదుంపలా వచ్చాడు. "మట్టితో చేసిందే కదా మమ్మీ, అలాగే ఉంటాడు" అని సమర్థించుకుంది. ఏడో వేలు విశ్రాంతి, ఉత్త టాప్ కోట్, అంటే రంగు లేని పైపూత. మిగిలిన మూడు వేళ్ళు ఖాళీగా ఉంటే దానికి ప్రాణం ఒప్పలేదు. స్ట్రాబెర్రీలు వేసింది.

ఆదివారం నా బడిలో ఒక్క పిల్లా పక్కకు తిరగలేదు. జనరేటర్ మోగుతున్నా వినపడనంత శ్రద్ధ. చేప ఐదో రోజే పుట్టింది, ఐదో వేలి మీదే ఉంది. చివర్లో ఒక బుడ్డది చెయ్యి ఎత్తింది.

"ఆంటీ, ఎనిమిదో రోజు దేవుడు స్ట్రాబెర్రీ చేశాడా?"

"ఎనిమిదో రోజు మా అమ్మాయి చేసింది" అన్నాను.

బడి వదిలి బాత్రూంలోకి వెళ్ళి దూదికి రిమూవర్ ముంచి రుద్దాను. చంద్రుడు కదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దాను. చేప ఇంకా మెరిసింది. అమ్మాయికి ఫోన్ చేశాను.

"మమ్మీ, జెల్ అలా పోదు! పైన గీకి, నానబెట్టి, ఫాయిల్ రేకు చుట్టాలి. పోకుండా ఉండడానికే కదా జెల్ వేసేది!"

మందిరంలో పాటలు మొదలయ్యాయి. చేతులు కొంగు కింద దాచుకుని వెనక వరుసలో కూర్చున్నాను. మా సంఘంలో చేతులెత్తి స్తుతిస్తాం. పాస్టరు అయ్యగారు "మేలులు పొందినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. నేను ఏమీ ఆలోచించలేదు. ఉబ్బసం నుంచి బతికి బయటపడ్డ మనిషిని, ఆ మాట వింటే నా చేతులు నన్ను అడగవు. రెండూ పైకి లేచాయి. టైర్ల కొట్టు పైన, ట్యూబ్‌లైటు కింద, సృష్టి అంతా, మూడు స్ట్రాబెర్రీలతో సహా, తళతళలాడింది.

కళ్ళు తెరిచేసరికి పెద్దక్క చూస్తోంది. పెద్దాయన భార్యను సంఘమంతా పెద్దక్క అంటాం. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ కూడా ఎవరు కళ్ళు తెరిచారో చెప్పగలదు.

ఆరాధన తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. అయ్యగారు చిన్నవాడు, మంచివాడు. పెద్దలు మాట్లాడుతుంటే తల ఊపుతారు, ఎటు ఊపారో తర్వాత ఎవరికీ గుర్తుండదు. పెద్దాయనకు పీణ్యలో ఇనుప సామాన్లకు రంగు వేసే యూనిట్ ఉంది. నా చెయ్యి ముందుకు చాపమన్నాడు. కళ్ళజోడు దించి చూశాడు. తాళంచెవితో నా రెండో రోజు మీద గీశాడు. గీత పడలేదు.

"ఎన్ని కోటింగులమ్మా?"

"నాలుగండి."

"ప్రైమర్ వేసినారా?"

"బేస్ కోట్ అంటారండి."

"ఓవెనా?"

"చిన్న దీపమండి."

"మా పిల్లోల్లకు చెప్పి చెప్పి నోరు పడిపోతాది, ఇంత నున్నగా రాదు" అన్నాడు పక్కనున్న ఇంకో పెద్దతో. ఆయన కూడా వంగి చూశాడు. విచారణ అక్కడితో ఆగిపోయి కోటింగుల చర్చ అయ్యేదే. పెద్దక్క దగ్గింది. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "అయినా ఇది లోకమమ్మా" అన్నాడు.

తీర్పు ఏమిటంటే, నా గోళ్ళు శుభ్రమయ్యాయని పెద్దక్క చూసి చెప్పేదాకా ఆదివారం బడి పెద్దక్క చూసుకుంటుంది. అయ్యగారు తల ఊపారు.

బస్సులో నాకు కోపం వచ్చింది. రాలేదని చెప్తే అబద్ధం. ఆ గదిలో పిల్లలు నన్ను కాకుండా ఇంకొకర్ని 'ఆంటీ' అనడం తలుచుకుని చేతిలో బస్సు టికెట్ నలిపి ఉండ చేశాను. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగింది, ఆగి అలాగే ఉండిపోయింది. కదిలేసరికి సగం కోపం దిగింది. ఈ ఊరి ట్రాఫిక్‌ను బట్టి దేవునికి స్తోత్రం చెప్పిన మనిషి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇంటికి రాగానే మా అమ్మాయి పని మొదలుపెట్టింది. ఆకురాయితో గీకి, దూది నానబెట్టి, వంటింటి రేకు ముక్కలు చుట్టింది. పది వేళ్ళకు పది వెండి టోపీలు. అన్నం కలుపుకోలేకపోతే మా ఆయన కలిపి ముద్దలు పెట్టాడు. పెళ్ళైన కొత్తలో కూడా జరగని పని. ఆ తర్వాత టోపీలు తీస్తే సృష్టి అంతా దూది ముక్కల్లోకి బూడిదరంగుగా వచ్చేసింది.

"నావల్లే కదా మమ్మీ?" అంది అమ్మాయి.

"పిల్లలు చేపను మర్చిపోరు ఇంక" అన్నాను.

మరుసటి ఆదివారం గోళ్ళు చూపించబోతే పెద్దక్క, "గుంపులో చూసే పనా ఇది? ఇంటికొస్తా" అని రేకుల గదిలోకి వెళ్ళింది. నేను మందిరంలో కూర్చున్నాను. గోడ అవతల నుంచి "సుమ్మనె కూర్చోండప్పా!" అని కన్నడం కలిపి ఆమె గదమాయింపు, "చేప చూపించండి ఆంటీ!" అని పిల్లల గోల వినిపిస్తూనే ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియక పాటల పుస్తకం తిరగేశాను.

అన్నట్టే శుక్రవారం సాయంత్రం పెద్దక్క వచ్చింది. నేను వంటింట్లో కోడికూరకు ఉప్పూ కారం పసుపూ పట్టిస్తున్నాను. చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చాను. ఆమె కుర్చీలో కూర్చోకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"తీసేసినానంటివి. ఇంకా పచ్చగా ఉండాదే?"

"ఆకుపచ్చా?" మా అమ్మాయి గదిలోంచి దూసుకొచ్చింది. "లేదాంటీ, ఆకు ఎప్పుడో పోయింది! మూడో రోజు వేలు నేనే గీకాను!"

"ఆకు గాదు పాపా, పచ్చగా. పచ్చగా!"

"అది పసుపక్కా. వంట చేస్తున్నా" అన్నాను. గోళ్ళు గీకించుకున్నాక పసుపు ఇంకా బాగా పట్టింది మరి.

"పసుపు నాకు తెలీదా? నేను వండనా? పసుపు ఇట్లుంటాదా?" అని, ఎట్లుంటుందో చూపించడానికి తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టింది.

ముగ్గురం చూశాం. మా అమ్మాయికి నోరు ఆగదు.

"ఆంటీది రెండు షేడ్లు డార్క్."

పెద్దక్క చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోకుండా, కుర్చీలో కూర్చుంది. ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. అలసిపోయిన, ఎన్నో ఏళ్ళుగా పెద్ద కుటుంబానికి వండిపెడుతున్న ఆడమనిషిలా ఉంది. నా చేతుల్లాంటి చేతులే.

"ఆదివారం నుంచి నువ్వే పో" అంది. "ఆ పిల్లోల్లు నా మాట ఇంటారా? మూడో దినం కాడ్నే ఆగిపోయినాం. మా ఇంటాయనకు చెప్తాలే, శుభ్రంగా ఉండాయని."

"వందనాలక్కా" అన్నాను, అంతే.

పెద్దక్క లేవలేదు. టేబుల్ వైపు చూసింది. సీసాల వైపు, దీపం వైపు.

"పాపా, పసుపు అంటకుండా ఏమన్నా పూస్తారా? రంగు లేకుండా?"

"టాప్ కోట్ ఒక్కటే వేస్తా ఆంటీ. గ్లాసులా ఉంటుంది."

"కనపడదు గదా?"

"కనపడదు."

"కనపడంది లోకమెట్లయితాది" అని తనకు తనే చెప్పుకుంది. ఈ ముక్క అనడానికి ఆమె పెద్దల కమిటీలో ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పూత వేయడం అయ్యాక వేళ్ళు దీపం కింద పెట్టింది. ఊదా వెలుగు ఆమె గాజుల మీద పడింది. "ఇంటికొచ్చి ప్రార్థన లేకుండా పోయేది లేదు. నువ్వే చెయ్యమ్మా" అంది.

తల మీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకున్నాను. రేకుల గది కోసం, అందులో ప్రతి పిల్లా పిల్లవాడి కోసం పేరుపేరునా స్తుతించాను. నా గది నాకు తిరిగొచ్చిందని రెండుసార్లు చెప్పాను. అడిగినదంతా అయిపోయింది, ముగించబోయాను.

పెద్దక్క గుసగుసగా అంది, "ఉండమ్మా, లైటు ఇంకా ఆరలేదు. అయ్యగారి కోసరం కూడా చెయ్యి."

అయ్యగారి కోసం చేశాను. సంఘ పెద్దల కోసం చేశాను. పీణ్య యూనిట్ కోసం చేశాను. కరెంటు కోసం కూడా చేశాను. దీపం టక్కున ఆరింది.

"ఆమెన్" అంది పెద్దక్క, నాకంటే ముందు.