వంకరగానే కావాలి

"బాగుందంటే నమ్మరేం? పెళ్ళైన ఇన్నేళ్ళకి మీ మొహంలో ఒక్క వస్తువు తిన్నగా ఉంది. దాన్నీ వద్దంటారా?"

"మొహానికి బాగుంటే నాకేం లాభం? వాయిస్తుంటే పక్కనుంచి గాలి పోతోంది!"

"పోతే పోనివ్వండి. ఆ వంకర పన్ను పుణ్యమా అని పెళ్ళి ఫొటోలో కూడా నోరు కుట్టేసినట్టు నిలబడ్డారు. ఇప్పుడైనా నలుగురిలో నవ్వొచ్చు కదా!"

"నవ్వడానికి పెట్టించుకోలేదే నేను! అయినా నాకు తెలీదా, మీ తమ్ముడికి నా కుర్చీ దక్కుతుందనేగా నీకీ తిన్నని పన్ను ఇంత ముద్దొస్తోంది?"

"ఎంత మాటన్నారు! వింటున్నారా డాక్టరుగారూ, ఎంత మాటన్నారో!"

ప్లైవుడ్ గోడకి ఇవతల, బల్ల ముందు నిలబడి వేరెవరిదో దవడ అచ్చు గీకుతున్న పళ్ళ మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. ఆ తిన్నని పన్ను తను చేసిందే. ఈ ఆసుపత్రిలో పీకడం డాక్టరమ్మ పని, పీకిన చోట ఇంకొకటి తయారు చేసి ఇవ్వడం అతని పని. వయసు ఇరవై నాలుగు. డిగ్రీ రెండో ఏట కాలేజీకి దణ్ణం పెట్టేసి, మూడు ఉద్యోగాలు పట్టి వదిలేసి ఇక్కడ తేలాడు. ఏ కుర్చీలోనూ పావుగంట కుదురుగా కూర్చోలేడు. ఇది నిలబడి చేసే పని కాబట్టి ఎనిమిది నెలలుగా నిలిచాడు. తన పన్ను బాగాలేదన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు.

చేతులకున్న సుద్దపొడి అయినా కడుక్కోకుండా బయటికొచ్చి, "ఏం తక్కువైంది దానికి?" అన్నాడు.

ఆ మనిషికి యాభై దాటి ఉంటాయి. బక్క మనిషి, పొడుగాటి వేళ్ళు. కూర్చున్నాడన్న మాటే గానీ, ఆ వేళ్ళు మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఆగడంలేదు.

నీటి సరఫరా శాఖలో వాల్వులు తిప్పే ఉద్యోగం ఆయనది. తెల్లారుతూనే సైకిలెక్కి ఏడు వీధుల్లో నీళ్ళు వదిలి, మళ్ళీ కట్టేసి వస్తాడు. సాయంత్రమైతే అదే శాఖ బ్యాండులో క్లారినెట్టు. ఇరవయ్యారేళ్ళుగా పాటలో ముఖ్యభాగం వాయించే మొదటి కుర్చీ ఆయనదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాల్వు తిప్పే ఇనుప కర్ర జారి మూతికి తగిలింది. పైవరసలో కుడివైపు ముందుపన్ను ఒక మూల విరిగి లోపలికి తిరిగిపోయింది. ఆయన క్లారినెట్టు పట్టింది ఆ మరుసటేడు. అంటే, ఆ పన్ను వంకరకి తగ్గట్టే పెదవి బిగించడం నేర్చుకున్నాడు, పెదవికి తగ్గట్టే ఊపిరి.

ఆ పన్ను వేరు కుళ్ళి రెండు నెలలుగా సలుపుతున్నా పంటి బిగువున భరిస్తూ వాయించాడు. చివరికి చెంప బూరెలా పొంగితే భార్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పన్ను ఒక పట్టాన రాలేదు. మూడు ముక్కలై వచ్చింది. పీకుతున్నంతసేపూ ఆయన పది వేళ్ళూ గుండెల మీద ఆడుతూనే ఉన్నాయి. వణుకుతున్నాడనుకుని డాక్టరమ్మ భుజం తట్టి, "భయపడకండి" అంది. మొద్దుబారిన నోటితోనే, "భయం కాదమ్మా, పాట మధ్యలో ఉన్నాను" అన్నాడట.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా శనివారంతో. శాఖ వార్షికోత్సవం ఆదివారం. మొదటి కుర్చీలో ఎవరు కూర్చోవాలో శనివారం రిహార్సల్లో తేలుస్తానన్నాడు బ్యాండు మాస్టరు. రెండో కుర్చీ వాడు ఈయన సొంత బావమరిది. ఒకసారి రెండో కుర్చీలోకి దిగితే రిటైరయ్యేదాకా అందులోంచి లేవనివ్వరని ఈయనకి తెలుసు.

"నెల రోజుల్లో అలవాటైపోతుంది," అంది డాక్టరమ్మ. "అయినా వంకర పళ్ళు పెట్టి పంపిస్తే ఆసుపత్రి పరువేం కావాలి?" ఆవిడ తర్వాతి మనిషిని పిలిచి లోపలికి వెళ్ళిపోయింది.

"నెల ఎక్కడిది? మూడు రోజులే ఉంది," అన్నాడాయన.

"ఏదీ, వాయించండి చూద్దాం," అన్నాడు మేస్త్రి.

"ఇక్కడా?" భార్య చుట్టూ చూసింది. బెంచీల మీద చెంపలు పట్టుకున్నవాళ్ళు అయిదారుగురు.

ఆయన అప్పటికే గుడ్డసంచీలోంచి క్లారినెట్టు తీశాడు. కింది స్వరాలు బాగానే పలికాయి. పైకి వెళ్ళేసరికి పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. మూలనున్న ముసలాయన, "నా పన్నే నయం" అని మూలిగాడు.

మేస్త్రి ఎవరినీ అడక్కుండా క్లారినెట్టు మూతిభాగం ఊడదీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. నల్లటి ఆ మూతి మీద, పైపళ్ళు ఆనే చోట, రెండు గాట్లు. ఎడమది తిన్నగా ఉంది. కుడిది లోతుగా, ఏటవాలుగా, ఒక కొస మొండిగా. ఇరవయ్యారేళ్ళ అరుగుదల. తను చేసిన పన్ను ఆ గాట్లో పడటంలేదు, గట్టు మీద నిలబడుతోంది.

"తప్పు నాదే," అన్నాడు మొహం మీదే. "అందంగా చేశాను గానీ మీకు పనికొచ్చేట్టు చెయ్యలేదు. ఇది రెండ్రోజులు నా దగ్గర వదిలి వెళ్ళండి."

"వదలను."

"తినేస్తానా?"

"అది చేతిలో లేకపోతే నాకు తోచదు, నాయనా. కావాలంటే నేనూ ఇక్కడే ఉంటాను."

అన్నట్టే ఉన్నాడు. వాల్వులు కట్టేసి ఎనిమిదింటికల్లా వచ్చేవాడు. మనిషి తిరగడానికే చోటు చాలని గదిలో కుదురులేని వాళ్ళు ఇద్దరు. ఒకడు గీకుతుంటే ఇంకొకడు అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు.

"కూర్చోండి మాస్టారూ, నా కళ్ళు తిరుగుతున్నాయి."

"నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటా."

ఇద్దరూ కూర్చోలేదు.

మేస్త్రి అంగిట్లో ఆనే పలకలోంచి తను చేసిన పన్ను కోసి తీసి మైనంలో నిలబెట్టాడు. ఆయన దవడ అచ్చులోని ఎడమ పన్నుని క్లారినెట్టు మూతి మీది ఎడమ గాట్లో ఆనించి, కుడి గాటు ఎటు చూపిస్తే కుడి పన్ను అటు తిప్పాడు. మొదటిసారి మరీ లోపలికి పోయింది. రెండోసారి మూల అరగదీస్తుంటే చిట్లింది. పళ్ళ డబ్బా విసిరి కొట్టబోయి, ఆయన మొహం చూసి ఆగాడు. మూడోది శుక్రవారం మధ్యాహ్నానికి కుదిరింది.

డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, "ఇది మా దగ్గర పెట్టించుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పకండి" అంది. భార్య చాలాసేపు చూసి, "దాపురించింది మళ్ళీ!" అని మొహం తిప్పేసుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం క్లారినెట్టు సంచీ తనే మోసింది.

శనివారం మేస్త్రికి బల్ల ముందు కాలు నిలవలేదు. పంపుహౌసు వెనక రేకుల షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాడు. మొదటి కుర్చీలో బావమరిది సంచీ ఉంది.

"ఏదీ బావా, కొత్త పన్ను, ఒక్కసారి నవ్వు!" అన్నాడు.

ఆయన నవ్వాడు.

"ఓర్నీ, దీనికోసమా వారం రోజులు తిరిగావు? పాతదే ఉంచుకోవలసింది!"

ఆయన క్లారినెట్టు ఎత్తాడు. మొదటి స్వరంలో గాలి వినిపించింది. ఆపాడు. మూతి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వెంట్రుకవాసి ఇటు జరిపాడు. పన్ను గాట్లో పడటం మేస్త్రికి దూరం నుంచే తెలిసింది, ఆయన భుజాలు దిగాయి. ఆ తర్వాత పాట పైకి వెళ్ళింది. ఎక్కడా చీలలేదు. రెండో చరణం అయ్యేసరికి ఢంకా వాడు చెవిలో పుల్ల పెట్టి తిప్పడం మానేశాడు.

బ్యాండు మాస్టరు చేతిలో పుల్లతో మొదటి కుర్చీ చూపించాడు.

బావమరిది సంచీ తీసుకుని, "రా బావా, నీ కుర్చీ చల్లారకుండా చూస్తున్నాలే" అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

రిహార్సలయ్యాక ఆయన మేస్త్రిని పంపుల చప్పుడు గట్టిగా ఉన్న చోటికి తీసుకెళ్ళాడు.

"ఈ నెలాఖరుకి మానేస్తున్నావటగా. డాక్టరమ్మ అంది."

"ఇంకేదైనా చూసుకోవాలి. ఒక్కచోట ఉండలేను మాస్టారూ, నా తీరే అంత."

ఆయన అటూ ఇటూ చూసి, మేస్త్రి చూపుడువేలు పట్టుకుని తన ఎడమ ముందుపంటి మీద పెట్టాడు. వేలి కింద పన్ను కదిలింది. మేస్త్రి తీసిన కొలతంతా ఆ పన్ను మీద ఆనించి తీసిందే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటింది."

"డాక్టరమ్మకి చెప్పారా?"

"చెబితే పీకేస్తుంది."

"చెప్పకపోయినా ఊడుతుంది. నిలవదు. ఏడాది కూడా కష్టం."

"తెలుసు," అన్నాడాయన. ఆయన వేళ్ళు క్లారినెట్టు మీద చప్పుడు లేకుండా పరుగెడుతున్నాయి. "ఊడాక ఎవరికి చూపించినా నీలాగే మొదట తిన్నగానే చేస్తారు. ఇది ఇంకా నోట్లో ఉండగానే, ఉన్నది ఉన్నట్టు, అచ్చు దీనిలాంటిదే ఒకటి చేసి నా చేతిలో పెట్టి, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళు, నాయనా."