మేడమ్ ముక్కు మీద వెండి వరఖ్

కాలేజీ డిబేట్లలో బోలెడు కప్పులు గెలిచాను. మొన్న ఆదివారం మాత్రం మా ఇంటి సీలింగ్ ఫ్యాన్ చేతిలో ఓడిపోయాను!

నేను నాంపల్లి కోర్టులో జూనియర్ వకీలుని. మా సీనియర్ మేడమ్ ఇంతవరకు ఒక్క కేసులోనూ నన్ను నోరు తెరవనివ్వలేదు. "నీ వాదనల గార్నిష్ ఎక్వ, కూర తక్వ" అంటారు. అలాంటి మేడమ్ అబిడ్స్‌లో మా ఇంటికి భోజనానికి వస్తానన్నారు. అంతే! మెప్పించి, సోమవారం కేసు నేనే వాదించాలని పంతం పట్టాను.

బ్రెడ్డుతో డబుల్ కా మీఠా చేశాను. పైన వెండి వరఖ్ రేకు వేస్తానంటే అమ్మ, "దానికి రుచీ పచీ ఉండదు, ఎందుకే?" అంది.

"గార్నిష్ రుచి కోసం కాదమ్మా! చూడగానే నోరూరాలి."

"మీ కోర్టులో కూడా గార్నిషీ అంటావు, అదీ ఇదేనా?"

"కాదు, అది జీతం జప్తు చేసే వ్యవహారం."

"అన్నం ముందు ఆ మాటలెందుకే! ముందు ఫ్యాన్ ఆపు."

ఆపితే మేడమ్‌కి ఉక్కపోయదూ? గట్టిగా వాదించి అమ్మ నోరు మూయించాను. గెలిచాను!

మేడమ్ వచ్చి కూర్చున్నాక, హోటల్లోలాగా ఆవిడ ఎదుటే అలంకరిద్దామని కాగితం మీంచి వరఖ్ ఎత్తాను. ఊపిరి తగిలినా చిరిగే రేకు అది. ఫ్యాన్ గాలికి రివ్వున లేచి మేడమ్ ముక్కు మీద వాలింది!

"కదలకండి మేడమ్!" అంటూ తడి చేత్తో తుడిచాను. తుడిచినకొద్దీ పరుచుకుంది. బుగ్గలు, నుదురు... నిగనిగ!

"ఏందమ్మా గిది? నన్ను గార్నిష్ చేస్తున్నవా?"

"కిళ్లీకి గుచ్చినట్టు ఓ లవంగం గుచ్చితే సరి" అని నోరు జారింది అమ్మ. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నా కేసు గోవిందా అనుకున్నాను.

వెళ్తూ వెళ్తూ మేడమ్ అద్దంలో చూసుకున్నారు. "ఎంత కడిగినా పోతలేదు. గీ మొఖంతోని జడ్జి ముంగటికి ఎట్ల పోవాలె? రేపు నువ్వే నిలబడు. చెప్పాల్సిందే చెప్పు."

ఎగిరి గంతేశాను!

సోమవారం నల్లకోటు సర్దుకుని, గొంతు సవరించుకుని, కోర్టులో నా తొలి వాదన వినిపించాను. మేడమ్ చెప్పమన్నది మొత్తం ఇదీ: "వాయిదా ఇప్పించండి సార్."

వెంటనే ఇచ్చేశారు. అయినా నేను కదల్లేదు, అవతలి వకీలు అభ్యంతరం చెబుతారేమోనని ఆశగా చూస్తూ నిలబడ్డాను. ఆయన అప్పటికే టీ తాగడానికి వెళ్లిపోయారు!