తామర రేకుల మీద దారాలు

తామర కన్నుల తండ్రీ, నీకు జయం. చూపు ఇచ్చేవాడివీ, ఆ చూపును కొన్నాళ్ళు దాచి పరీక్షించేవాడివీ నువ్వే, నీకు జయం. నీ పేరు తలుచుకోకుండా ఈ సంగతి రాయలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మహారాష్ట్రలోని భివండి పద్మనగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ పని చేసేదాన్ని. మా బాపు పగలంతా సాంచెల షెడ్డులో మరమగ్గం మీద బట్ట నేసేవాడు, సాయంత్రం భజన మండలిలో పురాణం చదివేవాడు. నాకు అక్షరాల కన్నా ముందు ఆ పురాణమే వచ్చింది. ఆ రోజుల్లోనే బాపు రెండు కళ్ళకూ శుక్లాల పొర కమ్మి చదవడం ఆగిపోయింది. మండలికి వెళ్ళి వెనక వరసలో తల వంచుకుని కూర్చునేవాడు. ఇంటికొచ్చి సరిగా తినేవాడు కాదు. చివరికి ఒక కంటికి ఠానేలో ఆపరేషన్ చేయించుకోవడానికి ఒప్పుకున్నాడు.

"కొత్త కన్నుతోని ముందుగాల దేవుని పాదాల కాడి పువ్వునే సూస్త" అని మొక్కుకున్నాడు. కానీ గుడిలో పొగ, దుమ్ము వద్దన్నాడు డాక్టర్. అందుకని నేను గుడిలో స్వామి పాదాల దగ్గరున్న తామర పువ్వును ఫోటో తీశాను. స్టూడియోలో అప్పుడప్పుడే ఒక పని నేర్చుకున్నాను. పువ్వు ఫోటో మీద ఇంకో ఫోటోను పొరలా పరిచి పలచన చేస్తే, కింది పువ్వుకు పాత పటం కళ వస్తుంది. పైన పరిచేది పాత గోడను తీసిన ఫోటో అయినా, కాగితాన్ని తీసిన ఫోటో అయినా సరే. నేను బాపు నేసిన బట్టనే ఫోటో తీసి తామర మీద పరిచాను. రేకుల మీద పడుగూ పేకా సన్నగా మెరిశాయి. ఆయన మురిసిపోతాడనుకున్నాను.

ఆపరేషన్ అయి కట్టు విప్పిన రోజు, ముందు ఇంకేదీ చూడకూడదని, బాపు నల్లద్దాల మీద చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఆటో దిగాడు. అద్దాలు తీయించి, ఆ తామర ఫోటో అచ్చు తీసి పెట్టిన దేవుని అర్ర ముందు కూర్చోబెట్టాను.

"ఇగ సూడు బాపూ."

చూశాడు.

"ఏంది బిడ్డా గిది? పువ్వు మీద దారాలున్నయ్. అడ్డం, నిలువు. పొర గట్లనే ఉన్నది!"

కన్ను గట్టిగా మూసేసుకున్నాడు. అమ్మ చేతిలోని చెంబు కింద పడింది. "దారాలు కనవడ్తే ఎంటనే ఉరికి రమ్మన్నడు డాక్టర్! రిక్షా పిలువు, జల్ది!"

బాపుతో పాటు వచ్చిన మండలి కాక మాత్రం ఫోటోకు చేతులు జోడించాడు. "ఆగు వదినె! మన నేతోళ్ళ మూలపురుషుడు తామర తూడుల దారం తీసే గదా దేవతలకు బట్ట నేసింది? అన్నా, నీకు దర్శనమైంది!"

"దర్శనమా? నీ మొఖం! నా కన్ను వోయిందిరా."

అమ్మ గడప దాటుతుంటే చేయి పట్టి ఆపాను. "బాపూ, ఆ పొర నేనే ఏసిన."

"పొర నువ్వెట్ల ఏస్తవ్? దేవుడు ఏస్తడు, డాక్టర్ తీస్తడు."

ఎంత చెప్పినా కన్ను తెరవలేదు. నేను ఓదార్చడానికి అబద్ధం ఆడుతున్నాననుకున్నాడు. చేయి పట్టుకుని అదే గల్లీలోని స్టూడియోకు నడిపించాను. వెనకే అమ్మ ఏడుస్తూ, కాక నామం జపిస్తూ వచ్చారు. కంప్యూటర్‌లో ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర మాయమవుతుంది. బట్ట పొర పక్కనున్న కన్నును నొక్కాను.

"ఒక్కసారి, బాపూ. నీ కాళ్ళు మొక్కుత."

రెప్ప కొంచెం లేచింది. బాపు ముందుకు వంగాడు, ఇంకా వంగాడు.

"గీ చీమ ఏంది?"

"చీమనా?"

"పువ్వు నడుమ, కేసరాల కాడ. గుడ్డిదానివా?"

ఉంది. ఆవగింజంత చీమ. ఎన్నో రోజులు ఆ పువ్వునే చూస్తూ కూర్చున్నాను, నాకు కనబడనే లేదు. పొర వేసినప్పుడు పోగుల మధ్య అది కలిసిపోయింది. అంత చిన్నది బాపు కొత్త కంటికి కనబడింది. అమ్మ బాపు భుజం పట్టుకుని అక్కడే కూలబడింది.

"అదిగూడ స్వామి కాడికే వచ్చింది గదా బిడ్డా, ఎందుకు కప్పినవ్?" అన్నాడు బాపు. కాక వైపు తిరిగి, "ఇగో, నీ దర్శనం!" అని నవ్వాడు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు.

డాక్టర్ సరేనన్నాక బాపు మళ్ళీ పురాణం ముందు కూర్చున్నాడు.

చదివే మీరు కూడా ఒక్క నిమిషం చేతులు జోడించండి. ఈ పూట ఎక్కడో ఎవరికో కంటి కట్టు విప్పుతుంటారు, పక్కన ఇంటివాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు. వాళ్ళకు చూపు ఇమ్మని, నిలబడ్డవాళ్ళకు ధైర్యం ఇమ్మని నాతో కలిసి అడగండి. స్వామీ, కరుణించు.