కొమ్మ మీది కాయ

కళ్ళు మూసి చేతిలో పైన్ ఆకు పెడితే చాలు, సూదుల మామ ఆ చెట్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేవాడు. నిరుడు దానికి జలుబు చేసిన సంగతి కూడా చెప్పేవాడట. మిగతాది ఎవరైనా కల్పించారేమో గాని, జలుబు మాత్రం నిజం.

అటవీశాఖలో అతని పని చెట్లకు గుర్తులు పెట్టడం. ఆ ఏడాది పైన్ చెట్లకు ఎండు తెగులు వచ్చింది. అక్కాచెల్లెళ్ళలాంటి రెండు జాతుల్లో తెగులు అంటేది ఒక్కదానికే. ఆ చెట్టు కనబడితే ఎర్ర రంగు పూయాలి, వెనకే నరికేవాళ్ళు వస్తారు. ఒక్కటి మిగిలినా పక్క కొండలకు పాకుతుంది. సూదుల్లాంటి ఆకులు పొడుగ్గా ఉంటే తెగులు సోకేది, పొట్టిగా ఉంటే సోకనిది. అయితే బక్క నేలలో పొడుగు సూదులూ పొట్టివైపోతాయి. అప్పుడు కాయే దిక్కు. కాయ రేకుల చివర ముల్లుంటే తెగులు సోకే జాతి, నున్నగా ఉంటే సోకనిది.

మామ వాళ్ళ అన్న పెరట్లో ఒక పైన్ ఉంది. నాటింది అన్నే. అతను పోయినప్పటి నుంచీ వదిన దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

"చూసుకో మరిదీ, అన్నీ నున్నటి కాయలే!" అంది చెట్టు కింది కాయలు చూపిస్తూ, మామ గేటు తీయగానే.

నేల తడిగా ఉంది. వాన పడితే పైన్ కాయ ముడుచుకుంటుంది. ఇవన్నీ హాయిగా విచ్చుకుని ఉన్నాయి.

"రాత్రి వానకి ఇవి తడవలేదేంటి వదినా?"

"గొడుగేసుకున్నాయి."

నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయాడు. "కింద పడ్డవి చెల్లవు. కొమ్మ మీది కాయ కావాలి."

"ఎక్కడానికి నీకూ మోకాళ్ళు లేవు, నాకూ లేవు. చూసేశాననుకో. మీ అన్న చెట్టయ్యా అది."

"దారంతా అదే అనుకుంటూ వచ్చాను."

కొక్కెం కర్రతో కొమ్మ వంచాడు. కాయ పట్టుకోగానే బొటనవేలికి ముల్లు గుచ్చుకుంది. పిడికిలి మూసేశాడు.

ఆమెకు అర్థమైపోయింది. "పక్క కొండ మీద ఇలాంటివి చాలా ఉన్నాయా?"

"కొండ నిండా అవే."

డబ్బా మూత తీసి కుంచె ముంచాడు. చెయ్యి లేవలేదు.

"ఇలా తే," అని ఆమె కుంచె లాక్కుంది. "నువ్వు పూస్తే నిన్ను చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. ఉన్న ఒక్క మరిదివి."

వంటింటి కిటికీలోంచి కనబడకుండా అవతలి వైపు పూసింది. బెరడు పగుళ్ళు రంగునంతా పీల్చేసుకున్నాయి. రెండో పూత కూడా ఆమే వేసింది.