పారమ్మ గొంతులో నా ఏడుపు

దెయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. అంతకన్నా చిరాకు ఏడుపు పాటలు. బాధలో ఉన్నవాళ్ళకి బాధ పాటలే ఓదార్పని ఫోన్లో ఎవడో చెబుతుంటే, పుండుకి కారమే మందన్నట్టుందని నవ్వుకునేదాన్ని.

పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళ మీద నేను మేస్త్రీని. వాళ్ళలో వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే పారమ్మ, పోయిన మొగుణ్ణి తలుచుకుని రాగం తీసేది. మిగతావాళ్ళు పని చేస్తూనే ముక్కులు చీదేవారు. "పప్పులో సీమిడి పడిపోద్ది, ఆపండే!" అని కసిరేదాన్ని.

మా ఊళ్ళో మనిషి పోతే ఆడవాళ్ళు అతని గుణాలన్నీ రాగం తీసి చెబుతూ ఏడవాలి. కిడ్నీ జబ్బుతో మా ఆయన పోయినప్పుడు నేను ఆ తంతు సాగనివ్వలేదు. ఏడిస్తే లేచొస్తాడా అన్నాను. రాతిగుండె అన్నారు. అననీ. కానీ ఆ తర్వాత ఏడాదిపాటు నాకు ముద్ద దిగలేదు.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆఖరి రోజు ఆయన కొబ్బరిబొండం అడిగాడు. చుట్టూ కొబ్బరి తోటలే, కానీ డాక్టరు వద్దన్నారు. ఇవ్వలేదు సరికదా, "సస్తావా ఏటి?" అని కసిరాను. అప్పుడు గదిలో మేమిద్దరమే.

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగాయి. షెడ్డు చివర పారమ్మ ఖాళీ పీట దగ్గర్నుంచి ఆమె గొంతే వినిపించింది.

"బొండం అడిగితే కసిరీసినాను మావో, గొంతు తడపనేకపోనాను మావో..."

పక్కనున్న ఇద్దరు తలెత్తి, "పారమ్మొచ్చిందేటి?" అన్నారు. నేను చతికిలబడి, అందరి ముందూ సిగ్గు లేకుండా బావురుమన్నాను. ఆ పూట ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాను.

పారమ్మ ఆ రోజు పనికే రాలేదు. ఆమెకీ కిడ్నీ జబ్బే. ఆ వేళకి ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద ఉందని, అక్కడ పక్కనే కూర్చున్న ఆమె కూతురు ఫోన్లో చెప్పింది. మర్నాడు ఇంటికెళ్ళి అడిగితే పారమ్మ నవ్వింది.

"ఆ మిషను మీదుంటే నాలిక పిడస కట్టీద్ది, పాటేటమ్మీ? ఇంతకీ ఏటి పాడినానేటి?"

చెబుదామని నోరు తెరిస్తే మాటకి బదులు రాగం వచ్చింది. ఆయన గుణాలన్నీ చెప్పాను. కసిరిన మాట కూడా దాచలేదు. పారమ్మ నా వీపు మీద చెయ్యేసి వంత పాడింది.

దెయ్యాల్ని నమ్మేవాళ్ళంటే నాకు ఇప్పటికీ చులకనే. షెడ్డులో ఆ మొదటి ముక్క ఎవరు అందుకున్నారో మాత్రం చెప్పలేను. మా ఆయన కోసం నేను ఏడవడానికి ఏడాది పట్టింది.