మహోనీ సమాధిలో ఒక్క చోటు

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడే అమ్మమ్మ అడిగింది: "నన్ను మా నాయన దగ్గరనే పెడతరు గదా?"

ఆమె తండ్రి యేసుదాసును పెట్టింది నారాయణగూడ సమాధుల తోటలో, డెనిస్ మహోనీ సమాధిలో. మహోనీ ఐర్లాండ్ నుంచి వచ్చిన సిపాయి. కొలువు వదిలి, రైల్వేలో చేరి, ఇక్కడే ఉండిపోయాడు. అమ్మమ్మకు ఆయన తాత. తోటలో ఇప్పుడు కొత్త చోటు లేదు. పాత సమాధినే తెరిచి ఆ కుటుంబం వాళ్లను పెడతారు. దానికి బంధుత్వం రుజువు చెయ్యాలి. ఆ పని మీద ఒక రోజంతా తిరిగాను. ఇలా తిరగవలసి వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అశోక్ నగర్ నుంచి పొద్దున ఏడున్నరకు బయలుదేరాను. రెండేళ్ల పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది. అమ్మకు అప్పగించి, మందు ఎప్పుడు వెయ్యాలో చెప్పి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి ఇంకోసారి చెప్పాను.

"నిన్ను సాదలేదా నేను? పో ఇగ," అంది అమ్మ.

చిక్కడపల్లిలో సికింద్రాబాద్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఊరికే ఇస్తారు. ఫోన్లో ఐర్లాండ్ చర్చి రిజిస్టరు తెరిచాను. అక్కడి కార్క్ జిల్లా వైపు పాత జ్ఞానస్నానాల రిజిస్టర్లు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. చిక్కల్లా, మనవడికి తాత పేరు పెట్టడం వాళ్లకూ ఉంది. ఒక్క ఊళ్లోనే ఎందరో డెనిస్ మహోనీలు. సమాధి రాయి మీద పుట్టిన ఊరు, సంవత్సరం ఉండబట్టి మా డెనిస్‌ను పట్టుకోగలిగాను.

పక్క సీటామె పాలమూరు నుంచి వచ్చి కట్టడం పనులకు పోతుందట. నా ఫోన్లోకి తొంగి చూసింది. "ఏందక్కా, కోడి గీకినట్టున్నది?"

"మా పాత తాతల పేర్లు."

"నయమే నీకు. మా ఇంట్ల బతికున్నోళ్ల పేర్లే రేషన్ కార్డుల ఎక్కుతలేవు."

తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో మావాళ్ల పెళ్లిళ్లు, జ్ఞానస్నానాలు రాసిపెట్టిన చర్చి చేరాను. ఫాదర్ అనుమతి ముందే ఫోన్లో తీసుకోండి. ఫోటోలు తియ్యనివ్వరు కనుక పెన్సిలూ కాగితమూ దగ్గరుంచుకోండి. డెనిస్ రెండుసార్లు పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్యకు ఒక్కడే కొడుకు, తామస్. ఆమె పోయాక మరియమ్మను చేసుకున్నాడు. మరియమ్మకు పిల్లలు ఉన్నట్టు ఎక్కడా లేదు. యేసుదాసు జ్ఞానస్నానం దొరికింది. అతని తల్లి మరియమ్మకు చెల్లెలు. తండ్రి పేరు వేరు.

మా ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. పెద్దమ్మ మొగుడు మన లెక్కలో తండ్రి వరసే, అందులోనూ యేసుదాసును పెంచినవాడు. ఆయన యేసుదాసు కూతురికి తాతే అవుతాడు. కానీ అమ్మమ్మ డెనిస్‌కు సొంత మనవరాలని నేను దరఖాస్తులో ముందే రాసి ఇచ్చాను.

పన్నెండు దాటాక నారాయణగూడలో దిగి ఇడ్లీ తిన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే పాప పడుకుందన్నారు. పడుకుందా, నీరసపడిందా అని అడిగితే అమ్మ ఫోన్ పెట్టేసింది.

తోట ఆఫీసులో పెద్దాయన నా కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "రక్తసంబంధం లేదు గదమ్మా. తామస్ గారి కొడుకు జేవియర్ గారు అంబర్‌పేట్ల ఉంటడు. ఆత్మల పండుగకు ముందుగాల వచ్చి సున్నం ఏసిపోతడు. ఆయన సంతకం పెడితే మాకేం లేదు."

పోయినవాళ్లను తలుచుకునే ఆ పండుగకు మేం వెళ్లేసరికి ఏటా ఆ సమాధి తెల్లగా మెరుస్తూ ఉండేది. తోటవాళ్లే వేస్తారనుకున్నాం. ఆఫీసు పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఒకసారి తెరిచిన సమాధిని మళ్లీ చాలా ఏళ్లదాకా తెరవరు.

మూడున్నరకు అంబర్‌పేట్. జేవియర్ గారు కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అంతా విని, "మరి నేనేడికి పోవాలె?" అన్నారు.

నేను కాగితం ఆయన ముందు పెట్టాను.

"మామయ్యా, జర మంచిగ మాట్లాడుండ్రి," అంది లోపలి నుంచి కోడలు.

"మంచిగనే అడుగుతున్న. ఉన్నది ఒక్క చోటాయె. మీ అమ్మమ్మకు షుగరా, బీపీనా?"

"రెండూ ఉన్నాయి."

"నాకేం లేవు," అన్నారు కాస్త గర్వంగా. నా కాగితం తీసుకుని వేలు పెట్టి చదివారు. "యేసుదాసా? తమ్ముడున్నడని మా నాయన అంటుండె. కొట్లాడి ఎడం అయిండ్రు. ఎందుకో తెల్వది." మళ్లీ కాయలు ఒలుస్తూ, "మీ అమ్మమ్మ వయసెంత?" అన్నారు.

చెప్పాను. ఆయన కంటే ఏడాది పెద్ద.

"అక్క అయితది. ఫోన్ కలుపు."

స్పీకర్ పెట్టి విషయం చెప్పాను. అమ్మమ్మ నేరుగా ఆయన్నే అడిగింది.

"సున్నం ఏసేది నువ్వేనా తమ్మీ? పేర్ల మీదికెల్లి పూస్తవేందిరా? మా నాయన పేరు చదవరాకుంటయింది."

"బ్రష్షు పెద్దది అక్కా."

"చిన్నది కొనుక్కోరాదు?"

ఆయన నవ్వి, నా పెన్ను తీసుకుని, తనకు అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టారు. ఫోన్లో అమ్మమ్మ, "మరి నువ్వెట్ల?" అంది.

"ఇంక మస్తు ఏండ్లకు గాని తెరవరంట. అందాక బతుకుత తియ్. ఆదివారం వస్త."

అయిదింటికి తిరుగు బస్సు. కాగితం సంచిలో ఉంది. అమ్మ మెసేజ్ పెట్టింది: పాపకు జ్వరం తగ్గింది, అమ్మమ్మ ఆదివారానికి మటన్ చెప్పమంటోంది. ఈ రోజంతా తిరిగింది అమ్మమ్మకు చోటు ఇప్పించడానికి. ఇప్పించాను. అది ఇంకొకరి చోటు. ఆయన ఇష్టంగానే ఇచ్చినా నాకు స్థిమితంగా లేదు. ఇద్దరూ ముఖాలు చూసుకోకముందే అది ఖాయం చెయ్యడానికి చేతులు రావడం లేదు.

నారాయణగూడలో బస్సు ఆగింది. తోట ఆఫీసు మూసేలోపు కాగితం ఇచ్చెయ్యడానికి ఇంకా టైముంది. డోరు దగ్గర నిలబడ్డాను.

"దిగుతున్నవా అమ్మా?" అన్నాడు కండక్టర్.

"లేదన్నా, చిక్కడపల్లి," అని వెనక్కి వచ్చి కూర్చున్నాను.